నోలీన్ మొహం ఏమైంది?

మనిషికి మొహం అనవసరం! ఈ మాట అంటున్నది ఏ వేదాంతో కాదు. సూర్యోదయం వేళ సముద్రం ఒడ్డున సిల్హౌట్లు, అంటే ఆ నల్లబొమ్మల ఫోటోలు, తీయడం కొత్తగా నేర్చుకుంటున్న నేను.

ఆస్ట్రేలియాలో మా ఊరు బార్లో పాయింట్. అక్కడ అలలకి ఆనుకుని ఒక ఈతకొలను ఉంది. చలికాలంలో కూడా మా క్లబ్బు ఈతగాళ్ళు చీకటితోనే వచ్చి అందులో దూకుతారు. ఒకప్పుడు వాళ్ళని పట్టించుకున్న నాథుడు లేడు. ఇప్పుడో? గట్టు నిండా కెమెరా స్టాండ్లే!

మా ఫోటోల క్లాసు గురువు ట్రెంట్ చెప్పిన మొదటి పాఠం ఒకటే. ఆకాశాన్ని చూసి వెలుతురు సరిచేసుకో, మనిషిని మర్చిపో. ఇంత సుఖమైన చదువు ఇంకెక్కడైనా ఉందా? ముడతలు కనబడవు. బట్టతల కనబడదు. ఎవరికి ఎవరంటే పడదో అసలే కనబడదు. పొట్ట మాత్రం కనబడుతుంది, పక్కకి తిరగకపోతే ఆ బాధా లేదు.

"కదలకండి!" అని మేం అరిస్తే చలికి నీలుక్కుపోయిన జనం గోడమీద అలాగే నిలబడతారు. వణికి బొమ్మ చెదిరితే మళ్ళీ నిలబెడతాం. కళ అంటే ఊరికే వస్తుందా?

అందరిలోకీ నాకు అచ్చొచ్చిన బొమ్మ నోలీన్. ఎనభై దాటిన ఆవిడ గోడమీద నిలబడి ఫ్లాస్కులోంచి టీ పోస్తుంటే, సరిగ్గా ఆ ధార వెనక సూర్యుడు! దానికి పోటీలో బహుమతి వచ్చింది. ఆవిడ టీ ఇవ్వబోతే మాత్రం, "తర్వాత, వెలుతురు పోతోంది" అనేవాణ్ణి.

మోకాళ్ళు మొరాయించి, నోలీన్ అడిలైడ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఊరు వదిలేవాళ్ళ ఫోటో క్లబ్బు గదిలో తగిలించడం మా ఆచారం. నా బహుమతి ఫోటో గర్వంగా పట్టుకెళ్ళాను.

"ఇది మన కెవ్ కదూ?" అన్నారొకరు, మా ఈతగాళ్ళలో ఒకాయన పేరు చెప్పి.

"కెవ్‌కి ఆ తువ్వాలెక్కడిది?" అన్నారింకొకరు.

నోలీన్ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఏమోయ్ డార్సీ, ఇన్నాళ్ళూ నా మొహం ఏం చేశావు?"

ఇంటికెళ్ళి ఉన్న ఫోటోలన్నీ వెతికాను. నోలీన్ వందల్లో ఉంది. మొహం ఒక్కదాంట్లోనూ లేదు!

మర్నాడు ఆవిడే నా చెయ్యి పట్టుకుని అవతలి గోడమీదికి లాక్కెళ్ళి, నన్ను సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టింది. "సూర్యుణ్ణి రోజూ చూస్తూనే ఉన్నావుగా. ఇవాళ్టికి నన్ను చూడు."

వెనకనుంచి అల వచ్చి ప్యాంటు తడిపేసింది. నొక్కాను.

మా క్లాసు లెక్కన అది పనికిరాని ఫోటో. ఎండకి కళ్ళు చికిలించి, ఊడిన పన్ను కనబడేలా నవ్వుతోంది నోలీన్. మొహమంతా ముడతలే. ట్రెంట్ చూసి నామీద జాలిపడ్డాడు.

ఇప్పుడు క్లబ్బు గది గోడమీద ఉన్నది ఆ ఫోటోనే. తడి తలలతో వచ్చినవాళ్ళు దానిముందు ఆగి, "గుడ్ మార్నింగ్, నోలీన్" అంటున్నారు. నా బహుమతి ఫోటోకి ఇంతవరకూ ఎవరూ గుడ్ మార్నింగ్ చెప్పలేదు.