కస్టమరుకి తలుపేసిన స్టార్టప్

వ్యాపారానికి పట్టిన అసలు చీడ కస్టమరు. ఆ ఒక్క శాల్తీ లేకపోతే లోకంలో నష్టపోయే కంపెనీయే ఉండదు!

ఈ సత్యాన్ని కనిపెట్టినవాడు మా మేనల్లుడు. ఉద్యోగం మానేసి స్టార్టప్ పెట్టాడు. మొదటి ఐడియా, పిల్లులకు నిద్రపోవడం నేర్పే యాప్.

"అవి ఎలాగూ నిద్రపోతాయి కదరా" అన్నాను.

"అందుకే మామయ్యా, సక్సెస్ రేటు నూటికి నూరు" అన్నాడు.

ఇంతటి మేధావికి కస్టమరుతో పనేమిటి చెప్పండి?

రెండో ఐడియా ఇంకా ఘనం. దర్జీ దొరకని జనానికి దర్జీని వెతికిపెట్టే యాప్. లోగో వచ్చింది, విజిటింగ్ కార్డు వచ్చింది. ఇక ఆఫీసు కావాలి. మా అక్క తన ఇంటి వీధి గదిలో బట్టలు కుడుతుంది. వీణ్ణి చదివించింది ఆ సంపాదనే. కొడుకు అడిగాడు కదా అని మిషను మెట్ల కిందికి జరిపించుకుని గది ఇచ్చేసింది. మిషను ఉన్నచోట వైట్‌బోర్డు వెలిసింది.

ఐడియాని పరీక్షించొద్దూ? పరాయివాళ్లని అడిగితే నిజం చెప్పేస్తారు, ప్రమాదం. అందుకని స్నేహితులని అడిగాడు. అదిరిందన్నారు. కాఫీలు వాడే ఇప్పించాడు మరి! తల్లిని అడిగాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఆవిడా బాగుందంది. దర్జీగా మాత్రం ఆవిణ్ణి ఒక్క ముక్క అడగలేదు.

ఈలోగా తలుపు తట్టేవాళ్ల బెడద ఒకటి. ఒకాయనకి ప్యాంటు పొడవు తగ్గించాలి, ఒకావిడకి జిప్పు ఊడింది. పరిశోధనకి ఎంత అంతరాయం! "మీటింగ్‌లో ఉన్నాం" అని తలుపేసేవాడు. మెట్ల కింద అక్క ఖాళీ మిషను ముందు కూర్చునేది.

మొన్న నేనున్నప్పుడే ఒక నర్సు యూనిఫాం పట్టుకుని వచ్చింది. మావాడు ఆమెని గుమ్మంలోనే ఇంటర్వ్యూ చేశాడు.

"మీకు దర్జీ దొరకడం కష్టంగా ఉందాండీ?"

"ఇదివరకు లేదు బాబూ. మీరు ఈ గదిలోకి వచ్చినప్పట్నుంచీ ఉంది."

మావాడి మొహం వెలిగిపోయింది. "చూశావా మామయ్యా, సమస్య నిజంగానే ఉంది" అంటూ బోర్డు మీద పెద్ద టిక్కు పెట్టి, ఆమెని మర్యాదగా సాగనంపాడు.

అక్క లేచి వచ్చేసరికి ఆమె వీధి మలుపు తిరిగిపోయింది.

"ఎవర్రా, బేరమా?" అంది.

"బేరం కాదమ్మా, కస్టమరు" అన్నాడు.

ఆ వారం అక్కకి వచ్చిన ఒకే ఒక్క బేరం అది. నా కడుపు మండిపోయింది. కన్నకొడుకు చేత గది ఖాళీ చేయించే యాప్ ఎవరైనా తయారుచేస్తుంటే కబురు పెట్టండి. పరీక్షలూ గిరీక్షలూ అక్కర్లేదు, డబ్బు ముందే కట్టేస్తాను.