వాన డిస్కు

ఆ రోజు రాఘవేంద్ర పెట్టుకున్న పని చిన్నది. పదకొండు గంటలకు అనంతపురం వాతావరణ ఆఫీసు నుంచి పద్మప్రియ మేడమ్ వచ్చేలోగా కంప్యూటర్లో కాస్త చోటు చేయాలి, అంతే. చిన్న పని అంటూ మొదలుపెట్టినవి ఈ మనిషి చేతిలో ఏమయ్యాయో వేరుశనగ రైతుల సంఘంలో అందరికీ తెలుసు. కానీ కంప్యూటర్ తెలిసినవాడు ఆ ఊళ్లో అతనొక్కడే.

కుందుర్పికి కాస్త దూరంలో ఉన్న ఆ పల్లె సంఘానికి ఉన్నది ఒకే ఒక్క పెద్ద కంప్యూటర్. దాన్నే లోపల మూడు కంప్యూటర్లుగా విడగొట్టి నడుపుతున్నాడు రాఘవేంద్ర. వర్చువల్ మెషీన్లు అంటారు వాటిని. పెట్టె ఒకటే, కాపురాలు మూడు. బస్సు బోర్డుల మీది పేర్లే పెట్టాడు వాటికి: మడకశిర, గోరంట్ల, కదిరి. గోరంట్లలో ఏడాదిగా ఎవరూ పని చేయడం లేదు. దాన్ని తీసేస్తే బోలెడంత చోటు.

మేడమ్ వస్తున్నది గంగాధరప్ప వానల లెక్క చూడటానికి. ఆ పెద్దాయన ముప్పై నాలుగేళ్లుగా మిద్దె మీద గాజు గొట్టం పెట్టి, పడిన ప్రతి వానా కొలిచి నోటు పుస్తకాల్లో రాశాడు. ఆ లెక్క చూపిస్తే ఊరికి వాన కొలిచే కేంద్రం వస్తుంది. లేకపోతే ఎప్పటిలాగే ఇరవై కిలోమీటర్ల అవతల కురిసిన వానే ఇక్కడా కురిసినట్టు రాసుకుంటారు, చేలు ఎండినా బీమా రాదు. ఆ పుస్తకాలన్నీ రాఘవేంద్ర మూడు నెలలు కూర్చుని టైపు చేసి, "ఇంక ఇవి ఎందుకులే" అన్నాడు. ఆ మాట పట్టుకుని, ఆఫీసు ఊడ్చే మారెక్క వాటితో టీ పొయ్యి రాజేసింది.

గంగాధరప్పకు ఇంకో అలవాటు ఉంది. ప్రతి నెలా వానల లెక్క ఒక పోస్టు కార్డు మీద రాసి అనంతపురం ఆఫీసుకు పంపుతాడు.

"ఎవురు చదువుతారు తాతా? చించి పారేస్తాంటారు," అని రాఘవేంద్ర నవ్వేవాడు.

"పంపేది నేను కదప్పా. నీకేం నొప్పి," అనేవాడు ఆయన.

పదింబావుకు రాఘవేంద్ర గోరంట్లను ఎంచుకుని తీసేయమన్నాడు. దానికి తగిలించిన డిస్కులు కూడా తీసేయాలా అని అడిగింది తెర. ఏ డిస్కులబ్బా అని ఆలోచించబోయేంతలో బయటి నుంచి మారెక్క కేక వినిపించింది: "వానొస్తాండాది."

ఆ ఊళ్లో వాన వస్తే ఎవరైనా సరే, చేతిలో పని వదిలి బయటికి రావాల్సిందే. సగం గడ్డం గీసుకున్నవాళ్లు కూడా వస్తారు. రాఘవేంద్ర 'సరే' నొక్కి పరుగెత్తాడు. అందరూ వీధిలో తలలు పైకెత్తి నిలబడ్డారు. నాలుగు నిమిషాలు. దుమ్ము సరిగా అణగకముందే ఎండ కాసింది.

తడి చొక్కాతో వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. పోయిన వారం మడకశిరలో చోటు చాలక, వానల లెక్కంతా ఉన్న డిస్కును రెండు రోజులకని గోరంట్లకు తగిలించింది తనే. మళ్లీ విప్పలేదు.

"హేమావతక్కా," అని గుమస్తాను పిలిచాడు. "వానల డిస్కు తీసేసినా."

"తీసి యాడ పెట్టినావు?"

"యాడా పెట్టలేదక్కా. లేకుండా తీసేసినా."

"ఇంకో కాపీ ఉంటాది కదా?"

"ఈ పొద్దు తీద్దామనుకుంటి. దానికే చోటు చేస్తాంటి."

హేమావతి తల పట్టుకుంది. "ముసలాయన చెవిన పడనీకు," అంది. అంతలోనే ముసలాయన గాజు గొట్టం చేత్తో పట్టుకుని, ఒలకకుండా అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు.

"రెండు మిల్లీమీటర్లు. నా ముందరే ఎక్కించప్పా."

"కంప్యూటరు వేడెక్కినాది తాతా."

"వాన పడినంక వేడెక్కినాదా? చల్లారనీలే. కూర్చుంటా," అని బెంచీ మీద కూర్చున్నాడు.

తలుపు చాటున విన్న మారెక్క, కంప్యూటర్ వానల్ని మింగేసిందని వీధిలో చెప్పింది. ఆ కబురు వీధి చివరికి చేరేసరికి, ఊరి వానలు రద్దు చేయడానికి ఆఫీసరమ్మ వస్తోందని తేలింది. పావుగంటలో నలభై మంది వాకిట్లో చేరారు.

"మా వానలు తీసేసేకి ఆయమ్మ ఎవురు?" అన్నాడు గొర్రెలు మేపే బయ్యన్న. "రాసుకో హేమా. నా పెద్దకూతురు పుట్టిన దినం తెల్లార్లూ పడినాది."

"ఏ సంవత్సరం?"

"కూతుర్ని అడిగి చెప్తా."

"ఆ పొద్దు చుక్క కూడా పడలేదు," అన్నాడు లింగన్న. "నా ఎద్దు ఎండకు పడి సచ్చింది ఆ పొద్దే."

ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. హేమావతి ఏది రాయాలో తెలియక రెండూ రాసింది. గంగాధరప్ప అంతా విన్నాడు. లేచి రాఘవేంద్ర ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నిజం చెప్పప్పా."

రాఘవేంద్ర చెప్పాడు. ముసలాయన కోప్పడలేదు. గాజు గొట్టాన్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"పడిన వాన మళ్లా పడదు కదప్పా. నేను మళ్లా యాడ కొలిచేది," అన్నాడు. రాఘవేంద్రకు ఏడుపు ఆగలేదు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఆఫీసులో కూర్చుని ఏడ్చాడు.

అప్పుడే జీపు వచ్చింది. పద్మప్రియ దిగీ దిగకముందే, "మా వానలు మాకియ్యి," అని నలభై మందీ చుట్టుముట్టారు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. రాఘవేంద్ర జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లాడు.

"వాళ్లది తప్పు లేదు మేడమ్. కంప్యూటర్లో రికార్డు నేనే పోగొట్టినా. మీకు ఈమెయిలు పెట్టింది కూడా నేనే."

"ఏ ఈమెయిల్? కంప్యూటర్లో కూడా ఉందా?" అంది పద్మప్రియ. "నేను వచ్చింది కార్డుల గంగాధరప్ప గారిని చూసి పోదామని."

డ్రైవరు జీపులోంచి గోనె సంచి దించాడు. నిండా పోస్టు కార్డులు. ముప్పై నాలుగేళ్లవి, ఒక్క నెల తప్పలేదు. వాటిని పారేయడానికి మా ఆఫీసులో ఇన్నాళ్లూ ఎవరికీ తీరిక దొరకలేదని ఆమె కాస్త సిగ్గుపడుతూనే చెప్పింది. వాన కొలిచే కేంద్రం ఈ ఊరికి తప్పక వస్తుందంది.

గంగాధరప్ప చాలాసేపు సంచిలో చేయి పెట్టి కార్డులు తడుముతూ నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి ఈ నెల కార్డు తీసి, ఆనాటి రెండు మిల్లీమీటర్లూ రాసి ఆమె చేతికిచ్చాడు. "పోస్టు దాకా నడిచే పని తప్పినాదమ్మా," అన్నాడు.

ఆ కార్డులు చూసి రాఘవేంద్ర మళ్లీ మూడు నెలలు టైపు చేశాడు. ఈసారి కాపీలు రెండు వేరే చోట్ల పెట్టి, గోడకు కాగితం అంటించాడు: డిస్కు తీసేముందు అందులో ఏముందో చూడాలి, వాన వస్తే ముందు మౌసు మీద నుంచి చేయి తీయాలి. ఆ రెండో నియమం పాటించే అవసరం ఆ ఏడాది మళ్లీ రాలేదు.