పంతొమ్మిదో నంబరు కుట్టుమిషను

జనం దగ్గర్నుంచి వస్తువు తీసుకోవడం పరిపాలన. ఎవరిది వారికి తిరిగివ్వడం గణితశాస్త్రం. నేల పైన పదకొండు అంతస్తులూ, నేల కింద అయిదు అంతస్తులూ ఉన్న ఆ భవనం ఈ సూత్రం మీదే నిలబడి ఉంది (పునాదులు కూడా ఉన్నాయంటారు గానీ, వాటికి ఫైలు లేదు).

తిరిగే భాగాలున్న వస్తువులను అంతస్తుకొకటి చొప్పున తనిఖీకి తీసుకెళ్లాలని అక్కడి నిబంధన. ఆ నెల మైనస్ నాలుగో అంతస్తు వంతుకు టైలరమ్మ కుట్టుమిషను వచ్చింది. పక్షపాతానికి తావు లేకుండా వస్తువు మీద యజమాని పేరు రాయరు. అంతస్తు నంబరును దానితోనే గుణించి, మూడు కలిపి, వచ్చిన సంఖ్యను అతికిస్తారు. మిషను మీద పంతొమ్మిది అతికించి పట్టుకుపోయారు.

సోమవారం పొద్దునకల్లా బడికి నలభై చొక్కాలు అందివ్వాలి. అందకపోతే బడివాళ్లు వేరే టైలరును చూసుకుంటారు. గురువారం టైలరమ్మ నేల అంతస్తులోని విలోమ విభాగానికి పరుగెత్తింది.

విలోమ విభాగానికి ఉన్న పని ఒక్కటే: సంఖ్యను చూసి అంతస్తును కనిపెట్టడం. వచ్చిన దారినే వెనక్కి నడిస్తే చాలు. ముందు మూడు తీసేయాలి, తర్వాత వర్గమూలం కట్టాలి. అయితే వర్గమూలాధికారి సీనియరు. తీసివేతల గుమాస్తా ముందుగా ముట్టుకున్న కాగితాన్ని ఆయన ముట్టుకోడు. అందుచేత ముందు వర్గమూలం కట్టి, ఆ తర్వాత మూడు తీసేశారు. ఒకటీ, ఆపైన మూడో వంతు దాటి ఇంకాస్తా వచ్చింది. లెక్క ప్రకారం మిషనును ఒకటో అంతస్తు దాటాక పద్నాలుగు మెట్లలో అయిదో మెట్టు మీద దించారు.

మెట్ల మీద మిషనును చూడగానే టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి వేసిందో లేదో, ప్యూను అడ్డొచ్చాడు.

"ముట్టుకోకండమ్మా. ఇది తప్పు సమాధానం. వెనక్కి పట్టుకెళ్లాలి."

శుక్రవారం వర్గమూలాధికారిని బతిమాలి సెలవు పెట్టించి, లెక్కను సరైన వరుసలో చేశారు. మూడు తీస్తే పదహారు, దానికి వర్గమూలం నాలుగు. ఇంతలో పరీక్షాధికారి స్కేలుతో వచ్చాడు. గోడ మీద ఆ గుణించి మూడు కలిపే లెక్కకు గీసిన పటం గిన్నెలా ఉంది. పంతొమ్మిది దగ్గర స్కేలును అడ్డంగా ఆనించాడు. రెండు చోట్ల తగిలింది. తల అడ్డంగా ఊపాడు.

"ప్లస్ నాలుగూ వస్తోంది, మైనస్ నాలుగూ వస్తోంది. ఎవరికివ్వాలి?"

"పైన నాలుగో అంతస్తు బాబాయిగారు ఇచ్చింది టేబుల్ ఫ్యాను సార్. నాది కుట్టుమిషను. చూస్తే తెలిసిపోతుంది కదా."

"చూసి చెప్పడం మా పద్ధతి కాదమ్మా. కళ్లున్నాయని విభాగం మూసుకుంటామా?"

సాయంత్రానికి పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక సంఖ్యకు ఒకే అంతస్తు ఉన్నప్పుడే విలోమం సాధ్యం కనుక, సున్నాకు దిగువన అంతస్తులు లేవని భావించవలెను. (మైనస్ అంతస్తులున్న ఎడమ సగం చింపేశాక పటం మరింత అందంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు.)

"నేను మీ ఎదురుగానే ఉన్నాను కదా సార్."

"ఉన్నారు. నేను లేరన్నానా? ఉన్నట్టు భావించడం లేదు, అంతే."

టైలరమ్మకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెండింటికీ వేరే ఫారాలున్నాయి.

శనివారం మిషనును నాలుగో అంతస్తుకు చేర్చారు. అంతస్తుకు ఒకటే ఇవ్వాలి కాబట్టి, మిగిలిన రెండో పంతొమ్మిది, అంటే ఫ్యాను, అదనపు వస్తువుగా ఆఫీసులోనే ఉండి అధికారులకు గాలి విసరసాగింది. నాలుగో అంతస్తు బాబాయిగారు చెమటలు కక్కుతూ కిందికి దిగి వచ్చాడు.

"అమ్మాయ్, గంట నుంచి తొక్కుతున్నాను. గాలి రావట్లేదు."

"అది నా మిషను, బాబాయిగారూ."

"మరి పట్టుకెళ్లు."

పట్టుకెళ్లడానికి లేదు. చేర్చిన అంతస్తు దాటించరాదని మిషనుకు సీలు వేశారు. బాబాయిగారు జేబులోంచి రసీదు తీసి, దాని మీద ఉన్న ఆ షరతును రెండుసార్లు చదివాడు.

"మిషను కిందికి దిగకూడదన్నారు గానీ నువ్వు పైకి రాకూడదనలేదుగా. వచ్చి కుట్టుకో."

ఆ రెండు రోజులూ ఆయన ముందుగదిలోనే మిషను ఆడింది. ఆమె కుడుతుంటే ఆయన కళ్లజోడు సవరించుకుంటూ గుండీలు కుట్టాడు. మొదటి రెండు చొక్కాల గుండీలు తలకిందులయితే, తిట్టకుండా విప్పి మళ్లీ కుట్టించింది. ఆదివారం సాయంత్రానికి నలభై చొక్కాలూ పూర్తయ్యాయి. ఆమెకు ఆయన మీద ఎంత అభిమానం కలిగిందంటే, మిగిలిన గుడ్డతో ఆయనకో చేతిరుమాలు కుట్టి ఇచ్చింది.

సోమవారం పొద్దున చొక్కాల మూటతో బయటికి వెళ్తూ నోటీసు బోర్డు దగ్గర ఆగింది.

"తనిఖీకి తీసుకున్న వస్తువులన్నీ హక్కుదారులకు చేరినవి. ఫిర్యాదులు లేవు. వచ్చే నెల తనిఖీకి అన్ని అంతస్తులవారూ వస్తువులు సిద్ధంగా ఉంచుకొనవలెను. మైనస్ అంతస్తులవారు ముందుగా ఇవ్వవలెను."