ఏసమ్మ పండ్లు

ఏసమ్మకు అన్నిటికంటే పెద్ద భయం పై పన్ను పీకించుకోవడం. పై పన్ను పీకితే అటువైపు కన్ను పోతుందని అత్త దేవమ్మ పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. కన్ను పోతే చంకలో ఉన్న పసిబిడ్డ ముఖం సగమే కనిపిస్తుంది కదా!

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు అది. అన్నంలో రాయి తగిలిననాటి నుంచి ఆమె పై పన్ను ఒకటి సతాయిస్తోంది. చిత్రమేమంటే కొరికినప్పుడు ఊరుకుంటుంది, కొరికి వదలగానే జివ్వుమంటుంది. ఆ పొద్దున ఎవరి కంటా పడకుండా జొన్నరొట్టెను నీళ్లలో నానేసి మింగి, పనిలో పడదామనుకుంది.

"రొట్టె నమలక మింగుతున్నవేందే?" అంది దేవమ్మ వెనకనుంచి.

"ఏం లేదత్తా, పండ్లు..." అని నాలుక కరుచుకుంది ఏసమ్మ.

దేవమ్మ ముఖం వెలిగిపోయింది. "పండ్ల మీదికి మనసాయెనా? మళ్ల నీళ్లోసుకున్నవా పిల్లా? జర ముందే చెప్తే ఏంబోయె!"

కాదంటే అసలు సంగతి బయటపడుతుంది. బయటపడితే కన్ను పోతుంది. ఏసమ్మ తల వంచుకుంది. దేవమ్మ అది సిగ్గనుకుంది.

పొద్దెక్కేసరికి సూర్యాపేటలో ఆ వాడంతా తెలిసిపోయింది. పక్కింటి యాదమ్మ ఒడినిండా పచ్చి చింతకాయ తెచ్చింది. ఏసమ్మ కొరికి, వదిలి, కళ్లనీళ్లు పెట్టుకుంది.

"సూడు, సంబురంతోని ఎట్ల ఏడుస్తుందో!" అంది యాదమ్మ.

ముందురోజే మిర్యాలగూడ నుంచి బండి కట్టుకొని వచ్చిన పెదమామ పెంటయ్య చెరుకుగడ విరిచి చేతికిచ్చాడు. "నమలు బిడ్డా, బలమొస్తది."

పెద్దవాడి మాట కాదనలేక కొరికింది. వదిలింది. ఆమె కేకకు బండి ఎడ్లు బెదిరాయి.

"అయ్యో, కడుపుల ఏమాయెనో!" అంటూ దేవమ్మ మిగిలిన చెరుకుతో సహా కోడలిని అదే బండిలో దవాఖానకు తీసుకుపోయింది.

"ఏమైందమ్మా?" అంది కోదాడ వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ.

దేవమ్మే అందుకుంది. "పండ్లమ్మా, పండ్లు! పొద్దుగాలనుంచి గదే పరేషాన్!"

"అలాగా. నోరు తెరువు."

కడుపు చూడాల్సింది నోరు చూస్తుందేమిటని దేవమ్మ నోరు తెరిచింది. డాక్టరమ్మ గుడ్డ చుట్టిన పుల్లను ఏసమ్మ ఒక్కో పన్ను కింద పెట్టి, "కొరుకు, వదులు" అంటూ పోయింది. ఒకచోట వదలగానే ఏసమ్మ ఎగిరిపడింది.

"పన్ను నెర్రె బాసింది. పీకక్కర్లేదు, పైన తొడుగు వేస్తే చాలు."

"పీకితే కన్ను పోతదటగదా అమ్మా?" అంది ఏసమ్మ.

"పన్నుకీ కన్నుకీ ప్రాస కుదిరింది, అంతే!"

దేవమ్మకు ఒళ్లు మండింది. "పండ్లు నొస్తే నొస్తున్నయనవేందే? వాడల నా ఇజ్జత్ తీస్తివి!" అని చేతిలో ఉన్న చెరుకును కసిగా కొరికింది. టప్పుమంది.

డాక్టరమ్మ ఆ నోట్లోకీ తొంగి చూసింది. "మీ పై పన్ను వేరుదాకా చీలింది పెద్దమ్మా. ఇది మాత్రం పీకాల్సిందే."

దేవమ్మ చెయ్యి దవడ మీదికి పోలేదు. కంటి మీదికి పోయింది.

మీరెప్పుడైనా సూర్యాపేట దిక్కు పోతే దేవమ్మను ఒకసారి చూసి రండి, ఆ చెయ్యి దించిందో లేదో. పండ్లు మాత్రం పట్టుకుపోవద్దు.