జింకల కానూను, అంజిలయ్య మెడ

అడగాలి. ‘జింకకు కానూన్ ఉన్నది, మరి నా జొన్నచేనుకు లేదా?’ అని అడిగి, సాహెబు కళ్ళలోకి సూటిగా చూడాలి, చూపు దించకూడదు. పొద్దున్నే కొంగరకలాన్ నుంచి ఇబ్రహీంపట్నం కచేరీకి నడుస్తూ అంజిలయ్య ఈ మాటను ఇరవయ్యోసారి కూడా బాగానే అన్నాడు. ఆ గొంతుకు ఎదురొచ్చిన ఎద్దొకటి పక్కకు తప్పుకుంది.

ఊరి పశువులు మేసే బంచరాయిలో సగం దొరల వేటకని సర్కారు ఎప్పుడో తీసుకుంది. అక్కడి జింకలు రోజూ వచ్చి అతని చేను మేసి పోతాయి. మొన్న ఒక జింక మీదకు మట్టిబెడ్డ విసిరినందుకు జవాను అతణ్ణి ఊరి నడుమ, ఎండలో, చెవులు పట్టించి నిలబెట్టాడు. చూసినవాళ్ళలో భార్య మాణిక్యమ్మ కూడా ఉంది. ఇప్పుడు కొత్త కానూను వస్తుందట. మిగిలిన సగం కూడా జింకలకేనట. అంతకుముందు ఊళ్ళ అభిప్రాయం వినడానికి వేటల వ్యవహారం చూసే శికారు మహకమా సాహెబు కచేరీలో కూర్చుంటాడట. ఆ సగమూ పోతే అంజిలయ్య ఆరు పశువులూ కటికవాడి పాలే.

కడుపునిండా కోపం ఉంది. భయమల్లా తన మెడ గురించే. సర్కారు ఎర్రటోపీ కనిపిస్తే చాలు, అది తనంతట తానే వంగుతుంది. తండ్రి మెడా అంతే. తల ఎవరిదైనా, మెడ మాత్రం దివాణానిదే అన్నట్టు.

కచేరీ అరుగు మీద అర్జీలు రాసే సామ్యేలు కలం చెక్కుకుంటున్నాడు. మిషన్ బడిలో చదివి ఉర్దూ నేర్చినవాడు.

"జింకలు నా చేను నాశనం చేస్తున్నయ్, బంచరాయి మాకే విడిచిపెట్టుమని రాయి," అన్నాడు అంజిలయ్య.

"రాస్త అన్నా. ముందుగాల సలాములు రాయాలె."

"ఎన్ని?"

"పదహారు వరుసలు. హుజూర్ చల్లని నీడల మేమూ జింకలూ అన్నదమ్ముల లెక్క బతుకుతున్నం... గట్ల."

"నా కడుపు మండుతుంటె సలాములేందివయ్యా!"

"మంట అడుగున రాస్త. పైన రాస్తె సూడనే సూడరు."

మంటకు అడుగున రెండు వరుసలు దొరికాయి.

లోపల సాహెబు ఎదుట పేష్కారు అర్జీ చదవడం మొదలుపెట్టాడు. పదహారో వరుసకు సాహెబు కళ్ళు చెమర్చాయి. చెయ్యెత్తి ఆపాడు.

"బస్. కింద కూడా గిదేనా?"

పేష్కారు ఇంకా చదవాల్సిన నలభై అర్జీల కట్టను చూశాడు. "జీ హుజూర్, గిదే."

సాహెబు అంజిలయ్య వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో అడిగాడు. "జింకలంటె మీ ఊరికి గింత ప్రేమనా?"

‘కాదు!’ అని లోపల అరిచాడు అంజిలయ్య. మెడ వంగింది.

"బంచరాయి అంత వాటికే ఇస్తరా?"

‘నీ జింకల మీద మన్నుబొయ్య!’ మెడ మళ్ళీ వంగింది.

"చుట్టూ ముళ్ళతీగ కంచె ఏపించాల్నా?"

దారి తెలిసిన మెడ మూడోసారి మాట పూర్తికాకముందే వంగింది. ఇక ఊరుకుంటే సర్వనాశనమని అంజిలయ్య ప్రాణాలు కూడగట్టుకుని నోరు తెరిచాడు.

"హుజూర్... నా జొన్నచేను..."

"అది కూడా ఇస్తవా!" సాహెబు లేచి నిలబడ్డాడు. "షాబాష్! కాపలాకు నీ అసొంటోడే ఉండాలె!"

ఇంటికి చేరేసరికి అతని భుజాన ఇత్తడి బిళ్ళ ఉన్న ఎర్ర పట్టీ వేలాడుతోంది. మాణిక్యమ్మ దాన్ని ఎగాదిగా చూసింది.

"చేను అడగవోయి గిది తెచ్చినవా? దీన్ని వండాల్నా, ఏపాల్నా?"

పదిహేను రోజుల్లో కంచె లేచింది. చేను కంచె లోపల పడింది, ఊరు బయట పడింది. తలుపుకు తాళం, తాళంచెవి అంజిలయ్య మొలతాడుకు. పొరుగింటి రేణుకమ్మ డొక్కలు ఎండిన తన ఆవును తోలుకొచ్చి అతని ఎదుటే నిలబెట్టింది. ఊరి పశువులన్నీ దాని వెనకే నిలిచాయి.

"అంజిలన్నా, జింకలు నీకు తమ్ముళ్ళాయె. గిది నీకేమైతదో గది కూడా చెప్పు."

అప్పుడే సాహెబు మోటారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ‘జింకకు కానూన్ ఉన్నది...’ అంజిలయ్య పళ్ళు బిగించాడు.

"అంత మంచిగ, ఖైరియత్‌గ ఉన్నదా?"

మెడ వంగింది. మోటారు పోయింది.

దుమ్ము తగ్గేదాకా అతను కదల్లేదు. చెవులు మండుతున్నాయి, ఆనాడు ఎండలో పట్టుకున్న చోటే. ఉన్నట్టుండి అతనికి ఒకటి తోచింది. ఇన్నేళ్ళలో వంగింది మెడే. చేతిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ చెయ్యి మొలతాడు దగ్గరికి పోయి, తాళంచెవి తీసి, తాళం విప్పి, తలుపు బార్లా తెరిచింది.

మెడ మాత్రం అలవాటు మానక, లోపలికి పోతున్న ఒక్కొక్క ఆవుకూ వంగింది.