డాలరు పులుసు

తేదీ: ఫిబ్రవరి నెల, రెండవ శుక్రవారం. స్థలం: సూళ్లూరుపేట, ఆమినాబీ గారి మెస్సు. హాజరైనవారు: యజమానురాలు ఆమినాబీ, ఆమె భర్త దరియావలి, రోజూ పులికాట్ చేపలు తెచ్చే కామాక్షయ్య, రాజహంసలను చూడవచ్చిన ఒక అమెరికా పర్యాటకుడు, ఈ కాలమ్ రాసే పద్మనాభయ్య అనే నేను.

పాఠకులారా! రూపాయి పడిపోవడం మన జాతికి లభించిన మహాభాగ్యమని గత వారం ఇదే కాలమ్‌లో సోపపత్తికంగా నిరూపించాను. ఇప్పటికీ ఆ మాటకే కట్టుబడి ఉన్నాను!

ఆలోచించండి. రూపాయి జారిన ప్రతిసారీ విదేశీయుడి పర్సు దానంతటదే ఉబ్బుతుంది. అక్కడ కాఫీకి చాలీచాలని సొమ్ముతో ఇక్కడ పడవెక్కి సరస్సంతా తిరగవచ్చు! రూపాయి మరికాస్త ఉత్సాహంగా పడితే, రాజహంసలే ఒడ్డుకు నడిచివచ్చి ఆయనతో సెల్ఫీ దిగవా? ఇంకాస్త పడితే, శ్రీహరికోట రాకెట్లో కిటికీ పక్క సీటు దొరకదా?

నా వ్యాసంతో మొట్టమొదట కళ్లు తెరిచినవాడు దరియావలి. బోర్డు మీద రూపాయల ధర చెరిపేసి, 'చేపల పులుసు భోజనం: రెండు డాలర్లు' అని రాశాడు. రూపాయల్లో ఇచ్చేవారికి ఏ రోజు మారకం రేటు ఆ రోజుదే. ఎంత శాస్త్రీయం!

ఆ శుక్రవారం కామాక్షయ్య తాను పట్టిన మడవ చేపలను వంటింట్లో అమ్మి, ఎప్పటిలాగే మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. బోర్డు చూశాడు. కంచం తోసేశాడు.

“అక్కా, ఈ చేప నేను పట్టిందే గదా! పొద్దున రూపాయలకు అమ్మినాను, ఇప్పుడు డాలర్లకు తినాల్నా? రేపట్నుంచి గంప చెన్నై రైలెక్కిస్తా, చూసుకోండి!”

“నాకేం తెలుసు నాయనా? అంతా ఈ మహానుభావుడి తెలివి,” అంది ఆమినాబీ, మొగుడి వైపు చూస్తూ.

“గ్యాసు బండ, నూనె, అన్నీ పెరిగిపోయినాయి. నన్నేం చేయమంటావన్నా?” అని గొణిగాడు దరియావలి.

జరుగుతున్నదేమిటో అమెరికా అతిథికి నేను ఇంగ్లీషులో వివరించాను. ఆయన ముఖం వాడిపోయింది. “రూపాయి పడిందని ఆశపడి వచ్చాను. నిరుడు ఇక్కడ భోజనానికి రూపాయల్లో ఇచ్చినా లెక్కకు రెండు డాలర్లే అయింది, ఇప్పుడూ రెండే. రూపాయి పడినంత మేరా ధరలు పెరిగితే, నాకు మిగిలిందేమిటి?”

నాకు ఒళ్లు పులకరించింది. ఎవరికీ ఏమీ మిగలకపోవడం కన్నా గొప్ప సమానత్వం ఎక్కడైనా ఉందా!

“ఈ భాగ్యాన్ని కనిపెట్టిందెవరు?” అని నిలదీసింది ఆమినాబీ.

దరియావలి వేలు మెల్లగా నా వైపు తిరిగింది.

చేపలు ఆగితే మెస్సు మూతే. ఆమె బోర్డు తుడిచేసి, అక్కడికక్కడే నా చేతనే ఒప్పందం రాయించింది: ఊరివారికీ, అమెరికా ఆయనకూ పాత రూపాయల ధర. రూపాయి పడటం భాగ్యమని నమ్మే కాలమిస్టుకు మాత్రం డాలరు రేటే!

“అయ్యవారూ, ఆ భాగ్యమేదో మీరే అనుభవించండి,” అన్నాడు కామాక్షయ్య, కంచం ముందుకు లాక్కుంటూ.

నేనేమని వాదించను? ఈ కాలమ్‌కు నాకు దక్కే పారితోషికం రూపాయల్లోనే. అదీ రూపాయి ఇంకా నిటారుగా నిలబడగలిగిన రోజుల్లో నిర్ణయించినది. అయినా సిద్ధాంతం ముఖ్యం కదా! సంతకం చేశాను.

పులుసు వాసన పీలుస్తూ మజ్జిగ అడిగాను. ఆమినాబీ నా ముందు అర గ్లాసు పెట్టి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు చేసి పోపుల డబ్బాలో దాచేసింది.