పచ్చదాన్ని సిద్ధం చేయండి

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఇంట్లోంచి బయలుదేరాలి. తొమ్మిదికల్లా మైదానం చేరాలి. పది గంటలకు డ్రైవింగు పరీక్ష. డ్రాయింగు మాస్టారి భార్య వేసుకున్న ప్రణాళిక ఇంతే. అందులో తికమక పడాల్సిందేమీ లేదు. ముందురోజు సాయంత్రం ఆవిడ లైబ్రరీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ భర్తకు ఒకే ఒక్క మాట చెప్పింది.

"రేపటికి పచ్చదాన్ని సిద్ధం చేసి ఉంచండి."

మాస్టారు సరేనన్నారు. అన్నట్టుగానే చేశారు కూడా.

మాస్టారు బడి నుంచి రిటైరైనా కార్ల నుంచి రిటైరు కాలేదు. ఊళ్ళో ఎవరైనా ఒక కారును ఇక లాభం లేదనుకుంటే ఆయనకు అప్పుడే దానిమీద ప్రేమ పుట్టేది. అలా ఇంటి పక్క సందులో నాలుగు కార్లు చేరాయి. ఒకదాని వెనక ఒకటి, ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా బారుగా ఉంటాయి. చివర గోడకు ఆనుకుని ఉన్నది తెల్లది. దానికి చక్రాల బదులు ఇటుకలుంటాయి, దాని ఇంజిను సగం వంటింటి అటక మీద ఉంటుంది. ఇంకొకటి నల్లది. మిగతా రెండింటికీ మాస్టారు స్వయంగా కుంచె పట్టి రంగు వేశారు, ఒకదానికి లేత చిగురు రంగు, రెండోదానికి పసుపు కొమ్ము రంగు. ఇంట్లో మాత్రం రెండింటినీ "పచ్చది" అనే పిలిచేవారు. ఇన్నేళ్ళలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఆ రెండూ ఒకేసారి నడిచిన రోజు లేదు.

ఆవిడ వయసు యాభై అయిదు. లైబ్రరీలో పుస్తకాలిచ్చే బల్ల దగ్గర పని. ఆ లైబ్రరీకి ఒక పుస్తకాల వ్యాను ఉంది. దాని డ్రైవరు పని మానేసిన దగ్గర్నుంచి అది షెడ్డులోనే ఉంటోంది. దూరపు బళ్ళ పిల్లలు పుస్తకాలెప్పుడొస్తాయని ఉత్తరాలు రాస్తున్నారు. ఆవిడే వాటికి జవాబులు రాసేది. రాసి రాసి విసుగొచ్చి, వ్యాను నేనే నడుపుతానని పై అధికారితో అనేసింది. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే సరే, లేకపోతే వ్యానును వేరే ఊరికి పంపేస్తామన్నాడాయన.

ఇది మూడో ప్రయత్నం. మొదటిసారి హారను నొక్కితే మళ్ళీ ఆగలేదు, ఇన్స్పెక్టరు పరీక్ష మొత్తం చేతి సైగలతోనే పెట్టాడు. రెండోసారి ఆయన ఎక్కిన వైపు తలుపు లోపల్నుంచి తెరుచుకోక కిటికీలోంచి దిగాల్సొచ్చింది. నేర్చుకోవడానికి ఇచ్చిన కాగితం గడువు శుక్రవారంతో సరి. గురువారం కాకపోతే అన్నీ మొదటికొస్తాయి, వ్యాను ఊరు దాటిపోతుంది.

పొద్దున్నే ఆవిడ సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి గేటు దగ్గర పసుపు రంగు కారు తళతళలాడుతూ నిలబడి ఉంది. మాస్టారు దాని అద్దం మీద ఆఖరి మరక తుడుస్తున్నారు.

"ఇదేమిటండీ?"

"పచ్చది. నిన్న చీకటి పడేదాకా దీంతోనే సరిపోయింది."

"నేను చెప్పింది పచ్చది."

"ఇది పచ్చది కాక ఎర్రదా?"

ఆవిడ సంచి కింద పెట్టింది. తను నేర్చుకున్నది ఏ కారులో, దరఖాస్తులో రాసింది ఏ కారు నంబరు అని నెమ్మదిగానే అడిగింది. పసుపుదానికి గేరు కడ్డీ స్టీరింగు పక్కన పొడుచుకొచ్చి ఉంటుంది, ఆవిడ దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. మాస్టారు తుడుపు గుడ్డ మడత పెట్టి, ఆకుపచ్చది అని ముందు ఒక్క ఆకు చేర్చి ఉంటే పోయేది కదా అన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు రంగులు నేర్పిన మనిషి ఒక్క ఆకు తనే చేర్చుకోలేకపోయారా అని ఆవిడ అంది. దాంతో ఇద్దరి వాదనలూ అయిపోయాయి, పని మొదలైంది.

ఆకుపచ్చది వరసలో మూడోది. దాని ముందు నల్లది, నల్లదాని ముందు పసుపుది. ముందు రెండింటినీ వీధిలోకి నడిపితే తప్ప అది బయటికి రాదు. నడిపారు. అసలు చిక్కు తర్వాత బయటపడింది. నాలుగు కార్లకూ కలిపి ఆ ఇంట్లో మంచి బ్యాటరీలు రెండే. ఒకటి నల్లదానిలో ఉంది, అది పెద్దది, ఆకుపచ్చదానిలో పట్టదు. రెండోదాన్ని మాస్టారు నిన్ననే ఆకుపచ్చదానిలోంచి తీసి, ఎంతో శ్రద్ధగా పసుపుదానిలో బిగించారు. పసుపుదానిలోని నీరసపు బ్యాటరీ ఆకుపచ్చదానికి వచ్చింది. తిరిగి మార్చుదామని మాస్టారు పానా వేస్తే, నిన్న అంత శ్రద్ధగా బిగించిన నట్టు అంచులు అరిగిపోయి పానాకు దొరకలేదు. తిప్పిన కొద్దీ గుండ్రమైంది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి నర్సు డ్యూటీ దిగి ఇంటికొస్తోంది. వీధిలో రెండు కార్లు, గేటులో ఒకటి, మూడింటికీ నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఏమైంది పిన్నిగారూ అని పలకరించింది. ఆవిడ మనసంతా పరీక్ష మీదే ఉంది.

"ఈరోజుతో తేలిపోతుందమ్మా. అటో ఇటో."

నర్సు ఆ మాటకు తలూపి, పాపం ఇన్నేళ్ళు ఓర్చుకుంది, ఇక కార్లు అమ్మించేస్తున్నట్టుంది అనుకుంది. కుట్టడానికిచ్చిన యూనిఫాం తెచ్చుకోవాలి కదా అని అటునుంచటే మూలనున్న టైలరు కొట్టుకు వెళ్ళింది. యూనిఫాంతో తను వచ్చింది, వార్త అక్కడ మిగిలింది.

టైలరుకు పసుపు కారు మీద ఎప్పట్నుంచో కన్నుంది. మెడలో టేపుతోనే వచ్చి, తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో తను, భార్య, అత్తగారు, ముగ్గురు పిల్లలు. ఇంతమంది పడతారో లేదోనని టేపు తీసి సీటు వెడల్పు కొలవసాగాడు. మాస్టారు అది చూసి కరిగిపోయారు. పరీక్ష కంగారులో కూడా తనకోసం సీట్లకు కొత్త తొడుగులు కుట్టమని భార్య చెప్పి ఉంటుందనుకున్నారు. ఎడం పక్కన స్ప్రింగు పొడుచుకొస్తుంది, అక్కడ కాస్త ఎక్కువ గుడ్డ వదలమని సలహా ఇచ్చారు. లోపాలు తనే చెప్పి అమ్మే మనిషిని టైలరు జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు.

"ఎప్పుడు పట్టుకెళ్ళొచ్చు మాస్టారూ?"

"దేన్ని?"

"కారుని. అన్నీ అమ్మేస్తున్నారట కదా. ఈరోజుతో తేలిపోవాలని అమ్మగారే అన్నారట."

మాస్టారు చేతిలోని పానా వంక చూసుకున్నారు. గుండ్రటి నట్టు వంక చూశారు. హారను, తలుపు, ఇప్పుడు బ్యాటరీ. ఆవిడ మూడు పరీక్షలకూ అడ్డుపడింది ఎవరో ఆయనకు లెక్క తేలింది. అమ్మేయాలనుకుంటే అందులో తప్పేముంది? సాయంత్రం మాట్లాడదామని టైలరుకు చెప్పి, ఇంక ఎవరితోనూ ఏమీ అనకుండా ఇంట్లోంచి తాడు తెచ్చారు.

ఉపాయం సులువైనదే. నీరసపు బ్యాటరీకి ఇంజినును తిప్పే బలం లేకపోయినా నిప్పురవ్వ పుట్టించే బలం ఉంది. నల్లది ముందు, దాని వెనక తాడుతో ఆకుపచ్చది. నల్లదాన్ని మాస్టారు నడుపుతారు, ఆకుపచ్చదానిలో ఆవిడ కూర్చుని గేరులో పెట్టి క్లచ్చి వదులుతుంది. ఇంజిను అందుకోగానే రెండుసార్లు హారను కొడుతుంది, ఆయన ఆగి తాడు విప్పి, వచ్చి పక్కన కూర్చుంటారు. వీధి చివరికల్లా అయిపోవాల్సిన పని.

రెండో మలుపులో ఇంజిను అందుకుంది. ఆవిడ రెండుసార్లు హారను కొట్టింది. మాస్టారు వినలేదు. మళ్ళీ కొట్టింది. ఆయన ముందుకు చూస్తూ, పసుపుదానికి మొదటిసారి రంగు వేసినప్పుడు కొత్త చీరకు అంటించుకుని కూడా నవ్విన మనిషిని తలుచుకుంటున్నారు. హారను మోతకు ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి చూశారు గానీ ఆయన తల తిప్పలేదు. బండ్ల ఊరేగింపు అలాగే పెద్ద కూడలి దాకా వెళ్ళింది. కూడలి నడిమధ్యలో నల్లది రెండుసార్లు దగ్గి తనంతట తనే ఆగిపోయింది.

నల్లదానికి పెట్రోలు ముల్లు ఏనాడూ పనిచేయలేదు. బయలుదేరే ముందు మాస్టారు ట్యాంకులో కర్ర ముంచి చూసేవారు. ఇవాళ కర్ర గుర్తుకు రాలేదు.

నాలుగు వైపులా బండ్లు ఆగిపోయాయి. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి తాడుకు ఆ చివరా ఈ చివరా చూశాడు. ముందున్నది ఆగిపోయింది, వెనకున్నది గుర్రుమంటోంది.

"ఇందులో ఏది దేన్ని లాగుతోందమ్మా?"

ఆవిడ గడియారం చూసుకుంది. పదికి పది నిమిషాల తక్కువ. మైదానం కూడలి పక్క వీధిలోనే ఉంది గానీ పెట్రోలు తెచ్చేంత వ్యవధి లేదు. ఇంజిను ఆపితే మళ్ళీ రాదు. నల్లదాన్ని కూడలిలో వదిలేస్తే కానిస్టేబులు ఊరుకోడు. మాస్టారు మాట్లాడబోయేలోగా ఆవిడ తాడు విప్పించింది, ఆకుపచ్చదాన్ని వెనక్కి తీసి, పక్కనుంచి ముందుకు తెచ్చి, నల్లదాని మూతికి ఎదురుగా వీపు పెట్టి ఆపింది. తాడును ఈ కొసన బిగించమని భర్తకు చెప్పింది. ఆయన బిగించి, బుద్ధిగా వెళ్ళి నల్లదానిలో కూర్చున్నారు.

పదికి ఒక్క నిమిషం ఉందనగా ఇన్స్పెక్టరు అట్ట మీద కాగితాలు సర్దుకుంటూ తలెత్తాడు. ఆకుపచ్చ కారును ఆయన ముందు గుర్తుపట్టాడు. కిటికీని ఇంకా బాగా గుర్తుపట్టాడు. దాని వెనక తాడుతో నల్ల కారు, అందులో రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్న ఒక పెద్దమనిషి. మైదానం గేటు దగ్గర మలుపు ఇరుకు. రెండు కార్లూ ఒక్క ప్రాణంలా మలుపు తిరిగి లోపలికొచ్చి గీత మీద ఆగాయి.

"నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి," అన్నాడాయన. "మీ మనిషేడి?"

"వెనక కారులో ఉన్నారండీ."

"పక్కన అంటే వెనక కారులో కాదమ్మా."

ఆవిడ ఏమీ దాచలేదు. పచ్చదానితో మొదలుపెట్టి పెట్రోలు కర్ర దాకా నాలుగు ముక్కల్లో చెప్పింది. ఇన్స్పెక్టరు కలం తీశాడు. గేటు బయట జరిగింది తను చూడలేదన్నాడు. చూసినదాన్ని బట్టి మాత్రమే రాస్తానన్నాడు. తాడు విప్పుకుని రమ్మన్నాడు.

తాడు విప్పుతున్నప్పుడు మాస్టారు వంగినవారు వంగినట్టే ఉండి గొంతు తగ్గించారు.

"అమ్మేద్దామనుకుంటే అమ్మేయ్. నేనేమీ అనను. పచ్చదాన్ని మాత్రం ఉండనివ్వు."

"ఏ పచ్చదాన్ని?"

"రెండింటినీ."

ఎవరు అమ్ముతున్నారని ఆవిడ అడిగింది. టైలరు, నర్సు, ఈరోజుతో తేలిపోతుందన్న మాట, అన్నీ ఆయన వరసగా చెప్పారు. ఆవిడ నుదుటి మీది చెమట మోచేత్తో తుడుచుకుని ఆయన వంక చూసింది. కోపం ఉందనుకున్న చోట కోపం లేదు.

"తేలిపోయేది నా పరీక్షండీ. ముప్ఫై ఏళ్ళు వీటిని తోసింది నేను. కాస్త నడపకుండానే అమ్మేస్తానా?"

మాస్టారికి ముడి ఒక్కసారిగా ఊడి చేతికొచ్చింది.

ఇన్స్పెక్టరు ముందుజాగ్రత్తగా కిటికీ అద్దం పూర్తిగా దించి కూర్చున్నాడు. ఆవిడ ఎనిమిది అంకె చుట్టింది. వెనక్కి నడిపి రెండు కర్రల మధ్య పెట్టింది. ఎత్తు మీద బండి ఆపమన్నప్పుడు ఆపి, మళ్ళీ కదిలించేటప్పుడు ఒక్క అంగుళం వెనక్కి జారనివ్వలేదు. ఆ కార్లు ఎత్తు మీద ఎక్కడ మొరాయిస్తాయో వెనకనుంచి తోసిన చేతులకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? హారను కొట్టమంటే ఒక్కసారే మోగి ఊరుకుంది. తలుపు మామూలుగా తెరుచుకుంది. ఇన్స్పెక్టరు దిగి, నేల మీద నిలబడ్డ తర్వాతే కాగితం మీద సంతకం పెట్టాడు. గేటు మలుపులో తాడు ఒక్క క్షణం కూడా వదులు కాలేదు, తన ఉద్యోగంలో అలాంటిది చూడలేదు అన్నాడు.

ఆవిడ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని మూడుసార్లు చదివింది. మాస్టారు బడిలో మంచి బొమ్మ గీసిన పిల్లలను చూసినట్టు ఆవిడను చూస్తూ నిలబడ్డారు. వ్యాను ఊళ్ళోనే ఉంటుంది. సోమవారం మొదటి బడికి ఏ పుస్తకాలు తీసుకెళ్ళాలో ఆవిడ అప్పుడే పైకి అనుకోవడం మొదలుపెట్టింది.

వెంట వచ్చిన మనిషి వివరాలు కూడా రాసుకోవాలి, మీ లైసెన్సు ఒకసారి ఇవ్వండి అన్నాడు ఇన్స్పెక్టరు. మాస్టారు గర్వంగా పర్సులోంచి తీసిచ్చారు. ఆ ఫోటోలో ఆయన జుట్టంతా నల్లగా ఉంది. ఇన్స్పెక్టరు దాన్ని వెనక్కి తిప్పాడు, వెలుతురుకు పట్టి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, దీని గడువు తీరి నాలుగేళ్ళయింది."

మళ్ళీ మొదట్నుంచీ దరఖాస్తు చేసుకోవాలన్నాడు. అందాకా వీధిలో ఏ కారు స్టీరింగూ పట్టుకోకూడదన్నాడు. ఒక కొత్త ఫారం ఇచ్చాడు. ఆవిడ మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆకుపచ్చదాన్ని ఇంటికి చేర్చింది, పెట్రోలు డబ్బాతో నడిచి వెళ్ళి నల్లదాన్ని తెచ్చింది. పసుపుదానిలో కూర్చుని ఎదురుచూస్తున్న టైలరుకు కారు అమ్మడం లేదని చెప్పి, కొలతలు ఎలాగూ తీసుకున్నాడు కనక తొడుగులు కుట్టమంది.

వచ్చే నెల మాస్టారికి పరీక్ష. ఏ కారు ఇవ్వాలో ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది.